మాకన్నా ముందు చేరినవాడు

వంటగది కిటికీలోంచి చూస్తే
కిటికీల్లేని మా ఇల్లు కనబడుతుంది.
రోడ్డుకి ఇవతల, లారీల రిపేరు షెడ్డు మీద,
అద్దె కట్టే రెండు గదుల్లో మేం.
అవతల, టమాటాల ప్లాస్టిక్ పందిళ్ళ పక్కన,
పదకొండేళ్ళుగా పైసా అద్దె లేకుండా
గాలి కాపురం చేస్తున్న ఇల్లు.

లుష్న్యా దాటి సముద్రం వైపు పోయే బస్సులో
కొత్తవాళ్ళెవరో ఒకరు అడుగుతారు:
అదేమిటి, ఆ ఇంటికి వేలాడుతున్న బొమ్మ?
మా వైపు ఇల్లు కట్టేవాళ్ళంతా కడతారు నాయనా,
దిష్టి తగలకుండా.
కొందరు గడ్డి మనిషికి పాత కోటు తొడుగుతారు,
కొందరు వెల్లుల్లి జడ కడతారు.
మాకు ఆ పూట గడ్డి దొరకలేదు.
యెరీనాకి నాలుగేళ్ళు. దాని ఎలుగుబంటిని అడిగాం.
మూడు నెలలే, అన్నాడు వాళ్ళ నాన్న.
బాల్కనీ స్తంభంలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వకి
నడుముకి తాడేసి కట్టాడు.
పిల్ల కింద నిలబడి
భయపడకుండా పడుకో, అని చెప్పి వచ్చింది.

దిష్టి పెట్టడానికి అక్కడేముందో నాకు తెలీదు.
అయినా కిరాణా కొట్టు ఫత్‌బర్దా
"పెద్దదే కడుతున్నారే" అన్న వారానికి
ఇనుము ధర పెరిగింది.

నేను బూట్ల ఫ్యాక్టరీలో ఎడమ కాలివి కుడతాను.
కుడి కాలివి షేగా కుడుతుంది.
రెండూ ఓడెక్కి ఇటలీ చేరాక గానీ జత కలవవు.
నాకు లెక్కలన్నీ అందులోనే వస్తాయి:
సిమెంటు బస్తా అంటే నలభై ఎడమ కాళ్ళు,
కిటికీ అంటే పదమూడు వందలు.
మెట్లు మాత్రం మూడు చలికాలాలు.
ఆ మెట్లు పైకి వెళ్ళి
ఏం చెప్పడానికి వచ్చాయో మరిచిపోయినట్టు
ఆకాశం దగ్గర నిలబడిపోయాయి.
పోయినేడు వాటికి ఓ కప్పు దొరికింది.

మేస్త్రి పెట్రిట్ చెడ్డవాడు కాడు.
ఆయన "వచ్చే నెల" ఒక ఊరి పేరు, అంతే,
ఎన్ని బస్సులు మారినా దిగలేం.
భూకంపం వచ్చిన ఏడు దుర్రెస్ వెళ్ళి
రెండేళ్ళు రాలేదు.
కూలినవాళ్ళకి ముందు కదమ్మా, అన్నాడు ఫోన్లో.
కాదని ఎలా అంటాం.

ఆదివారాలు కుర్చీలు మోసుకెళ్ళి అక్కడ కూర్చుంటాం.
సోఫా ఎక్కడో సుద్దముక్కతో నేల మీద గీశాను.
వాన చెరిపేస్తే మళ్ళీ గీస్తాను,
గీసిన ప్రతిసారీ సోఫా కొంచెం చిన్నదవుతుంది.
వచ్చేటప్పుడు తౌలాంత్
లేని తలుపుని చేత్తో దగ్గరికి లాగుతాడు.
నేను నవ్వను.
ఒకసారి లోపలికి వెళ్ళేముందు
నేనూ తట్టాను.

ఈ వసంతంలో కిటికీలొచ్చాయి. నిజంగానే.
ఒకటి కొలత తప్పింది, గోడనే కాస్త చెక్కారు.
రంగు డబ్బాలు వచ్చాయి, లేతపసుపు అడిగితే గుడ్డు సొన రంగు.
ఫరవాలేదన్నాను. అన్నిటికీ ఫరవాలేదన్నాను.
పెట్రిట్ నిచ్చెనెక్కి కత్తి తీసి
ఇక వీడి ఉద్యోగం అయిపోయింది, కోసేయనా, అన్నాడు.

ఒక కన్ను లేదు. బొచ్చంతా సిమెంటు రంగు.
పొట్ట దగ్గర కుట్టు ఊడినచోట
నాలుగు నోళ్ళు తెరుచుకున్నాయి.
పిచ్చుక మమ్మల్ని తిట్టిన తిట్లు
పదకొండేళ్ళలో మా ఇంటాయన కూడా తిట్టలేదు,
అద్దె రెండు నెలలు ఆగినప్పుడైనా.

యెరీనా
(పదిహేనేళ్ళది, ఈమధ్య మాతో సగం మాటలే మాట్లాడుతుంది)
కిందనుంచి పూర్తిగా అరిచింది:
"మూడు నెలలని అన్నారు కదా నాతో,
ఇంకో మూడు వారాలకి ఏమొచ్చింది!"
పెట్రిట్ కత్తి మడిచేశాడు.
బాల్కనీ కిటికీ బిగించకుండా గోడకి ఆనించి ఉంది.

రాత్రి అంట్లు తోముతూ చూస్తాను.
రోడ్డుకవతల కొత్త అద్దాల్లో
మా అద్దె గది దీపం చిన్నగా వెలుగుతోంది.
ఆ లోపలెవరో ఒకావిడ
నా వైపే చూస్తూ
అంట్లు తోముకుంటోంది.